పాడ్‌కాస్ట్ అనే మాట పుట్టకముందే మన మెదక్‌లో

పోస్టు పొడుగుంటది, ముందే చెప్తున్న. తీరిక దొరికినప్పుడు చదవండి, సగంల ఆపి కామెంట్ పెట్టకండి.

మా మెదక్ హాస్టల్‌లో రాత్రి పదికి లైట్లు బందు. ఆ తర్వాత నేను, నా రూమ్మేటు ఒకటే ఇయర్‌ఫోన్‌ను చెరొక చెవిలో పెట్టుకుని పడుకుంటం. కుడివైపుది సరిగ్గ పనిచెయ్యదు, అందుకే వంతులు. మొన్న ఇంటర్ చదివే తమ్ముడొకడు అడిగిండు, "అన్నా, రోజూ ఏం పాటలు వింటరు మీరు?" పాటలు కాదురా, సైన్స్ వింటున్నం అంటే నవ్విండు. సైన్స్ చదువుతరు గాని వింటరా అన్నడు. ఆ మాట పట్టుకునే ఈ పోస్టు రాస్తున్న.

వింటరు. ప్రపంచమంతా వింటున్నది. అమెరికాలో 'సైన్స్ ఫ్రైడే' అని ఒక రేడియో కార్యక్రమం 1991లో మొదలైంది, ఇప్పుడు ఫోన్‌లో పాడ్‌కాస్ట్‌గా దొరుకుతది. న్యూయార్క్‌ల 2002లో మొదలైన 'రేడియోల్యాబ్' ఉంది. వైద్యం చరిత్ర ఒక్కటే చెప్పేవి ఉన్నయి. పుస్తకం లెక్క నిర్వచనంతో మొదలుపెట్టరు. ఎవరికో జ్వరం వచ్చిందని మొదలుపెట్టి, అడవికో ల్యాబుకో తీస్కపోయి, చివరికి మన రక్తంల ఏం జరుగుతున్నదో చెప్తరు. నాకు ఆ ఇంగ్లీషు సగమే అర్థమైతది. అందుకే ఒక్కో ఎపిసోడ్ మూడుసార్లు వింట. మొదటిసారి గొంతులు తెలుస్తయి, రెండోసారి మాటలు, మూడోసారికి సంగతి.

అట్ల ఒక రాత్రి టీబీ చరిత్ర వింటున్న. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ అనే డాక్టరు ఈ రోగానికి కారణమైన క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించిండు. ఆ తారీఖునే ఇప్పుడు క్షయ దినంగా జరుపుతున్నరు, మన కాలేజీల ర్యాలీ తీసేది అందుకే. అక్కడిదాకా మామూలుగనే విన్న. తర్వాత మద్రాసు పేరు వినిపించింది. లేచి కూసున్న.

సంగతి ఇది. 1950లలో టీబీ వస్తే శానిటోరియంల పడుకోబెట్టాలె, మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి ఇయ్యాలె అనేది పెద్ద డాక్టర్ల నమ్మకం. మన దిక్కు వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద ఉన్న టీబీ ఆసుపత్రి ఆ ఆలోచనతో నిజాం కాలంలో వచ్చిందే. చెట్లు, చల్లగాలి. కాని దేశంల ఉన్న రోగులకు మంచాలు ఎక్కడ చాలుతయి? 1956లో మద్రాసులో ఒక కేంద్రం పెట్టిండ్రు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ దానికి పెద్ద. మద్రాసు నగరంల ఉండే పేద రోగులను తీసుకుని, చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసిండ్రు. ఒక గుంపు శానిటోరియంల, ఇంకో గుంపు ఇంటి దగ్గర. మందులు ఇద్దరికీ ఒకటే, ఏడాది పొడుగునా. ఇంటి గుంపు వాళ్లు ఇరుకు ఇండ్లల్ల ఉన్నరు, తిండి తక్కువ, పని కూడ చేసుకున్నరు. 1959లో ఫలితాలు అచ్చయినయి. ఇంటి దగ్గర ఉన్నోళ్లకు కూడ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్ల ఉన్నందుకు కుటుంబంల ఎక్కువ మందికి రోగం అంటుకోలేదు కూడ. ప్రపంచంల టీబీ వైద్యం అక్కడ మలుపు తిరిగింది. ఇయ్యాల మన ఊళ్లల్ల ఇంటి దగ్గర ఉండి గోలీలు వేసుకుంటున్నరంటే దాని వెనుక ఆ మద్రాసు పేదోళ్లు ఉన్నరు.

ఇందులో ఒక చిన్న విషయం నన్ను పట్టుకుంది. ఇంటి గుంపు నిజంగ గోలీలు మింగుతున్నరా లేదా అని ఆ కేంద్రం వాళ్లు చెప్పకుండ ఇంటికి పోయి గోలీలు లెక్కపెట్టేవాళ్లట. మూత్రం పరీక్ష చేసేవాళ్లట. అంటే ఇంటి వైద్యం అంటే గోలీలు చేతుల పెట్టి పంపుడు కాదు. మనిషి వెంబడి మనిషి ఉండాలె.

మా దాదికి ఆ మనిషి దొరకలే.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంల ఉన్నప్పుడు మా దాదికి దగ్గు మొదలైంది. దాది అంటే మా బా వాళ్ల యాడి. తెమడ పరీక్ష చేసిండ్రు, టీబీ అన్నరు, గోలీలు ఇచ్చిండ్రు. ఆరు నెలలు వాడాలని తెలుగుల చెప్పిండ్రట. దాదికి తెలుగు వస్తది, కాని అంగడి తెలుగు వస్తది. ఉల్లిగడ్డ కిలో ఎంత అనే తెలుగు. "కోర్సు పూర్తి చేయకపోతే వ్యాధి తిరగబెడుతుంది" అనే తెలుగు రాదు. వెంబడి పోయిన మా కాకా కూడ ఇంటికొచ్చి "గోలీలు వేసుకోమన్నరు" అని మాత్రమే చెప్పిండు. రెండు నెలలకు దగ్గు తగ్గింది, ఒళ్లు తేలికైంది. తగ్గినంక గోలీలెందుకు, వేడి చేస్తున్నయి అని దాది ఆపేసింది. మిగిలిన గోలీలు గూట్ల ప్లాస్టిక్ కవర్ల దాచిపెట్టింది, ఇంకెవరికన్న దగ్గొస్తే పనికొస్తయని. అది ఆమె మంచితనం. తర్వాత ఏడాదికి మళ్ల వచ్చింది. ఈసారి మందులు మార్చిండ్రు, పెద్దాసుపత్రికి పంపిండ్రు. ఆమె తిరిగి తండాకు రాలేదు.

నేను అప్పుడు సైన్స్ గ్రూపే చదువుతున్న. టీబీ క్రిమి పేరు పరీక్షల రాసిన, మార్కులు కూడ వచ్చినయి. గోలీలు సగంల ఆపితే బలమైన క్రిములు మిగిలిపోతయని మా బయాలజీ పుస్తకంల ఉందో లేదో గుర్తు లేదు. ఉన్నా దాన్ని దాదికి గోర్ బోలిల చెప్పాలని నాకు తట్టలే. ఈ మాట రాయడం నాకు కష్టమే.

ఆ ఎపిసోడ్ అయిపోయినంక నాకు ఒకటే ప్రశ్న. సైన్స్‌ను, వైద్యాన్ని చెవితోని వినే పద్ధతి మన దిక్కు ఎప్పుడన్న ఉండెనా, ఉంటే ఎవరి భాషల ఉండె? కాలేజీ లైబ్రరీల, ఫోన్‌ల వెతుకుతూ పోయిన. దొరికింది చెప్తున్న.

హైదరాబాద్ రాజ్యంల రేడియో 1930లలో వచ్చింది. మొదట ఒక ప్రైవేటు స్టేషనుగ ఉండె, 1935లో నిజాం సర్కారు చేతికి వచ్చి దక్కన్ రేడియో అయింది. అందులో ఉర్దూ పెద్దబిడ్డ. తెలుగు, మరాఠీ, కన్నడ పక్కన కూసున్న బిడ్డలు. 1950లో అది ఆలిండియా రేడియోల కలిసింది. ఆ తర్వాత మన పెద్దలకు గుర్తున్న రేడియో మొదలు. పొద్దుగూకంగ వ్యవసాయ కార్యక్రమం, డాక్టరు గారి ప్రసంగం, కుటుంబ నియంత్రణ. గ్రామ పంచాయతీ ఆఫీసు ముందట రేడియో పెడితే ఊరంతా కూసొని విన్న రోజులు ముసలోళ్లు చెప్తరు. ఆ ఊరు పెద్దూరు. తండా ఊరికి అవతల, కిలోమీటరు దూరం. సప్పుడు అంత దూరం రాలేదు.

మధ్యల ఒకటి మాత్రం నాకు బాగ నచ్చింది. 1991లో, అటు అమెరికాల 'సైన్స్ ఫ్రైడే' మొదలైన సంవత్సరంలనే, ఇటు ఆకాశవాణి, కేంద్ర సైన్స్ శాఖ కలిసి మనిషి పరిణామం మీద 144 భాగాల రేడియో ధారావాహిక మొదలుపెట్టినయి. హిందీల దాని పేరు 'మానవ్ కా వికాస్'. 18 భాషలల్ల వచ్చింది, తెలుగుల కూడ. వేల బడులు, పిల్లలు పేర్లు రాయించుకుని వారం వారం విన్నరు. 144 భాగాలంటే తక్కువేం కాదు. మనోళ్లు వెనుకబడ్డరు, అమెరికావోళ్లు ముందున్నరు అని ఊకె అనుకుంటం గాని, సైన్స్‌ను కథలెక్క చెప్పాలనే ఆలోచన రెండు దిక్కుల ఒకటే ఏడు వచ్చింది. అయితే 18 భాషలనంగనే నాకు ఇంకోటి యాదికొచ్చింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌ల 22 భాషలు ఉన్నయి. 2003 సవరణతోని సంతాలీ, బోడో చేరినయి. మన లంబాడీ, గోండి, కోయ ఇంకా బయటనే నిలబడ్డయి.

ఇగ అసలు సంగతి. దీని కోసమే ఈ పోస్టు.

మెదక్ పాత జిల్లా ఎంత పెద్దదో పెద్దోళ్లకు ఎరుకే. 2016 అక్టోబర్‌ల మూడు ముక్కలైంది. అంతకుముందు జహీరాబాద్ మనదే. ఆ జహీరాబాద్ దగ్గర, ఝరాసంగం మండలంల మాచ్‌నూర్ అనే ఊరుంది. అక్కడ 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ, పి.వి. సతీష్ గారు, ఇంకొందరు మొదలుపెట్టింది, ఊరూర పేద ఆడవాళ్ల సంఘాలు కట్టింది. ఎక్కువమంది దళిత మహిళలు. భూమి చెక్కలు, పాత విత్తనాలు, జొన్న, సజ్జ, కొర్ర. ఆ సంఘాల ఆడవాళ్లు ఒక మాటన్నరు. మా మాటలు మేమే రికార్డు చేసుకుంటం, మా భాషల మేమే వింటం. చదువు రాకపోతే ఏంది, నోరుంది, చెవులున్నయి.

1998 ప్రాంతంల యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌ల రేడియో స్టేషను కట్టిండ్రు. స్టూడియో ఉంది, మైకులున్నయి, రికార్డు చేసే ఆడవాళ్లున్నరు. ఒక్కటే లేదు, లైసెన్సు. ఆకాశంల మాట వదలడానికి అనుమతి లేదు. 1995 ఫిబ్రవరిలనే సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది, ప్రభుత్వానిదో, ప్రైవేటు కంపెనీదో కాదని. అయినా తీర్పు కాగితం మీద, తాళం చేతిల. 2000 జూలైల సముదాయ రేడియో కావాలని దేశం నుంచి చాలామంది హైదరాబాద్‌ల కలిసిండ్రు. ఆ సమావేశం ప్రకటనకు జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ పేరు పెట్టిండ్రు. దేశ రేడియో చరిత్రల మన జిల్లా పల్లె పేరు అట్ల ఎక్కింది. 2002లో ప్రభుత్వం కాలేజీలకు అనుమతిచ్చింది. సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబర్ దాకా ఇయ్యలేదు.

మరి ఈ మధ్యకాలం మాచ్‌నూర్ ఆడవాళ్లు ఏం చేసిండ్రు? ఊకుండలే. కార్యక్రమాలు చేసుడు ఆపలే. వందల గంటలు రికార్డు చేసిండ్రు. విత్తనం ఎట్ల దాచాలె, పశువుకు కడుపు ఉబ్బితే ఏం చెయ్యాలె, బాలింతకు ఏం పెట్టాలె, ఏ ఆకు ఏ రోగానికి, పాటలు, పండుగలు. ఆ క్యాసెట్లు ఊళ్లకు పట్టుకపోయి సంఘం మీటింగుల టేపురికార్డర్ పెట్టి వినిపించిండ్రు. ఆపి మాట్లాడుకున్నరు. మళ్ల వినిపించిండ్రు.

జరంత ఆగి ఆలోచించండి. గాలిల వదిలే రేడియో కాదు, ముందే రికార్డు చేసిన మాట, కావాల్సినప్పుడు, కావాల్సిన కాడ వినుడు. దీన్నే కదా ఇయ్యాల పాడ్‌కాస్ట్ అంటున్నం? పాడ్‌కాస్ట్ అనే మాటను లండన్ గార్డియన్ పత్రికల బెన్ హామర్స్‌లీ అనే విలేకరి 2004 ఫిబ్రవరిల మొదటిసారి రాసిండు. అప్పటికి మన మాచ్‌నూర్ ఆడవాళ్ల క్యాసెట్లు ఏండ్లుగ సంచుల్ల తిరుగుతున్నయి. నేనేమో ఇది కొట్టాటకు చెప్తలేను, మేమే కనిపెట్టినం అని. లైసెన్సు దొరకక చేసిన పని అది. అయినా పని అదే.

2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలకు వచ్చింది. దేశంల ఒక స్వచ్ఛంద సంస్థకు వచ్చిన మొదటి సముదాయ రేడియోగ దాన్ని చెప్తరు. నడిపింది ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత బిడ్డలు. దాని గొంతు పాతిక కిలోమీటర్ల దాకనే పోతది, ఎందుకంటే సముదాయ రేడియోకు మామూలుగ నూరు వాట్ల కన్న ఎక్కువ బలం ఇయ్యరు. సొంతంగ వార్తలు చెప్పనియ్యరు కూడ. అందుకే మెదక్ టౌన్‌ల చర్చి బురుజు ఎక్కి రేడియో పెట్టినా మాచ్‌నూర్ వినపడదు.

వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది గొంతు గురించి. ఆకాశవాణి తెలుగు ఒక తీరు, మాచ్‌నూర్ తెలుగు ఇంకో తీరు. వాళ్లు 'పోషక విలువలు' అనరు. "ఈ రొట్టె తింటే పొద్దుగూకేదాక ఆకలి కాదు" అంటరు. రెండూ సైన్సే. కాని ఒక దగ్గర నాకు అనుమానం ఉంది, దాచను. ఇంటి వైద్యం, ఆకు వైద్యం చెప్పుడు మంచిదే, మన ముసలోళ్లకు తెలిసినంత ఎవరికి తెలుసు. కాని టీబీకి ఆకు పనికిరాదు. పాము కాటుకు మంత్రం పనికిరాదు. మన భాషల చెప్తున్నం కదా అని తప్పు చెప్తే, మన భాషల ఉన్నందుకే ఎక్కువ నమ్ముతరు. ఆ బాధ్యత మోయాలె.

బయట ప్రపంచంల కూడ ఇట్లాంటివి ఉన్నయి. కొలంబియా దేశంల సుతాతెన్సా అనే కొండ ఊర్ల 1947లో ఒక ఫాదర్ చిన్న రేడియో పెట్టి రైతులకు అక్షరాలు, ఆరోగ్యం నేర్పిండు, తర్వాత అది దేశమంతా పాకింది. మనకు దగ్గరిది ఛత్తీస్‌గఢ్‌ది. 2010లో శుభ్రాంశు చౌధరి అనే విలేకరి సీజీనెట్ స్వర పెట్టిండు. ఇంటర్నెట్ అక్కర్లేదు. మామూలు ఫోన్‌తోని మిస్డ్ కాల్ ఇస్తే అదే తిరిగి ఫోన్ చేస్తది, గోండిల మాట్లాడొచ్చు, గోండిల వినొచ్చు. మా ఊరి బోరు చెడిపోయింది, మా బడికి సారు వస్తలేడు అని చెప్పుకున్నరు, కొన్నిటికి పని కూడ జరిగింది. ఆదిలాబాద్ గోండు అన్నలు, మీకు ఇది నాకన్న ఎక్కువ తెలిసి ఉండొచ్చు, కామెంట్ల రాయండి.

ఇగ మన గోర్ మాటీల ముచ్చట. మనకు చెవి చరిత్ర తక్కువేం లేదు. మన ఇంటి పేర్ల వంశాలు రాసి పెట్టుకున్నదెవరు? ఎవరూ రాయలే. ఢాడీలు పాడిండ్రు, మనం విన్నం. రోగాల చరిత్ర కూడ అంతే. ఆషాఢంల మంగళవారం సీత్లా భవానీ చేస్తం కదా, తెలుగోళ్లు దాటుడు పండుగ అంటరు. ఏడుగురు భవానీలను పెట్టి, గుగ్గిళ్లు చల్లి, పశువులను దాటిస్తం. సీత్లా అంటే ఉత్తర దేశమంతా మశూచి తల్లి. మన పాతోళ్లు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం ఏసుకుని దేశమంతా తిరిగినోళ్లు, దారిల ఏ ఊర్ల ఏ రోగం ఉందో ముందు తెలిసేది వాళ్లకే. మశూచికి టీకా 1796లో ఇంగ్లండ్‌ల ఎడ్వర్డ్ జెన్నర్ వేసిండు. 1802 జూన్ 14న బొంబాయిల మూడేండ్ల పాపకు దేశంల మొదటి టీకా పడింది. ఆ రోగం దేశంల పూర్తిగ పోయింది మాత్రం 1975ల. 1980 మే నెలల ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించిండ్రు. మశూచి పోయింది, సీత్లా పండుగ ఉంది. పిల్లలకు టీకా గురించి చెప్పాలంటే నేనైతే జెన్నర్ కాడ మొదలుపెట్టను. సీత్లా కాడ మొదలుపెడ్త.

మొదలుపెట్టిన కూడ. పోయిన నెల ఒక ఆదివారం హాస్టల్ మేడ మీద, ట్యాంకు వెనుక, గాలి తగలకుండ దుప్పటి కప్పుకుని ఫోన్‌ల ఆరు నిమిషాలు గోర్ బోలిల రికార్డు చేసిన. టీబీ గోలీలు ఎందుకు ఆరు నెలలు, దగ్గు తగ్గినా ఎందుకు ఆపొద్దు, తెమడ పరీక్ష, గోలీలు సర్కారు దవాఖానల పైసలు లేకుండ ఇస్తరు, రోగికి తిండి కోసం నెలకు వెయ్యి రూపాయలు ఖాతాల వేస్తరు. చెప్పే ముందు డాక్టరు చదువుతున్న మా సీనియర్ అక్కకు పంపి తప్పులు చూపించుకున్న. ఆమె రెండు తప్పులు పట్టింది. మళ్ల రికార్డు చేసి తండా వాట్సాప్ గ్రూపుల పెట్టిన.

ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టిండ్రు. ఎవరూ ఏం అనలే. రెండు రోజులకు మా కాకా ఫోన్ చేసిండు, దాది వెంబడి దవాఖానకు పోయిన కాకనే. "బేటా, విన్న. మంచిగుంది. కాని వార్తలు చదివినట్టు చదివినవ్. మన మాటనే, మన మనిషి లెక్క లేదు. దాదితోని మాట్లాడినట్టు మాట్లాడు" అన్నడు. కొద్దిసేపు ఇద్దరం ఏం మాట్లాడలే. తర్వాత ఆయనే అడిగిండు, "ఆ గూట్ల గోలీలు ఇంకా ఉన్నయి, ఏం చెయ్యాలె?" ఆశా అక్కకు ఇచ్చెయ్ కాకా, ఎవరికీ ఇయ్యకు అని చెప్పిన.

వచ్చే ఆదివారం మళ్ల రికార్డు చేస్తున్న. ఈసారి కాకాను ఫోన్‌ల పక్కన పెట్టుకుని, ఆయన అడుగుతుంటే నేను చెప్తుంట. కోయ, గోండి, ఎరుకల మాట వచ్చినోళ్లు ఎవరన్న మీ మాటల చెయ్యాలనుకుంటే నాకు మెసేజ్ పెట్టండి, అక్క దిద్దిన కాగితం పంపిస్త. ఫోన్ చార్జింగ్ చూసుకోండి, మా దాంట్ల నాలుగో నిమిషంల ఒకసారి బందయింది.